గోడ వెనక నీరు: కొండదారి ఎందుకు జారుతుంది, ఎలా నిలుస్తుంది

ఘాట్ రోడ్డు పక్కన కొండను ఆనుకుని కట్టిన రాతిగోడలో, వరసగా చిన్న చిన్న గొట్టాలు బయటికి పొడుచుకుని వచ్చి ఉంటాయి. పిడికిలి కూడా దూరనంత సన్నవి. రెండు మూడు రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు ఆ గొట్టాల నోళ్లు చూడాలి. సన్నటి ధారగా నీళ్లు కారుతుంటే గోడ ఊపిరి పీల్చుకుంటున్నట్టే. పైన కొండంతా నానిపోయి ఉన్నా గొట్టాలు మాత్రం మట్టితో పూడుకుపోయి, పొడిగా కనిపిస్తే భయపడాల్సిందే. లోపలికి ఇంకిన నీరు బయటికి రావడం లేదంటే అది గోడ వెనకే పోగుపడుతోందన్నమాట. మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిచిందంటే, గోడలో ప్రతి మీటరు పొడవునూ దాదాపు నాలుగున్నర టన్నుల బలం ముందుకు తోస్తుంది. మట్టి తోసే బలం దీనికి అదనం.

కొండదారి మూసుకుపోయిన ప్రతిసారీ మొదట వినిపించే మాట, "ఇంతకంటే గట్టి గోడ కట్టాలి" అన్నదే. కాంక్రీటు కంటికి కనిపిస్తుంది, దానికి లెక్క చూపించవచ్చు, కట్టిన మర్నాడే జనానికి ధైర్యం వస్తుంది. గోడలు అక్కర్లేదని నేను అనను. కానీ కొండను ఎంత కోశాం, నీటిని ఎటు పంపాం అన్న రెండు ప్రశ్నలకూ సరైన జవాబు లేని చోట ఎంత మందపు గోడ కట్టినా అది కొన్ని వానాకాలాల ముచ్చటే.

మట్టిని పట్టి ఉంచేదేమిటి?

వాలు మీద మట్టి నిలవడానికి కారణాలు రెండు. ఒకటి రేణువుల మధ్య రాపిడి. రెండోది బంకమట్టి లాంటి వాటిలో ఉండే అతుక్కునే గుణం. ఈ రెండింటినీ కలిపి లెక్క కట్టవచ్చని 1776లో అచ్చయిన తన పత్రంలో చూపించినవాడు ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్. విద్యుత్తు పాఠాల్లో మనకు తగిలే కూలుంబ్ ఈయనే.

రాపిడి ఎంత ఉంటుందన్నది పైనుంచి నొక్కే బరువును బట్టి ఉంటుంది. బల్ల మీద ఉన్న పుస్తకాన్ని ఒక అరచేత్తో అదిమిపెట్టి, రెండో చేత్తో జరపబోతే కదలదు. అదిమిన చెయ్యి తీసేస్తే ఒక్క వేలితో జరుగుతుంది. మట్టిలోకి చేరిన నీరు చేసే పని సరిగ్గా ఇదే. రేణువుల మధ్య ఖాళీలు నిండిపోయాక అక్కడి నీటికి ఒత్తిడి పుడుతుంది. అది రేణువులను ఒకదాని మీంచి ఒకటి కాస్త పైకెత్తుతుంది. పైనున్న బరువు తగ్గలేదు, కానీ ఆ బరువులో కొంత భాగాన్ని నీరు మోస్తోంది. నీటికి రాపిడి లేదు. అంతవరకూ మట్టి పట్టు సడలిపోయింది. ఈ సూత్రాన్ని 1920లలో స్పష్టంగా చెప్పిన కార్ల్ టెర్జాగిని మృత్తికా యాంత్రికశాస్త్రానికి ఆద్యుడంటారు. వాన నీరు మట్టికి కందెన పూసినట్టు పనిచేసి జార్చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పూసి జార్చదు, ఎత్తి జారుస్తుంది.

అలాగని తడి ఎప్పుడూ శత్రువు కాదు. పిల్లలు పిచ్చుక గూళ్లు కట్టేది తడి ఇసుకతోనే. కొద్దిపాటి తడి రేణువులను ఒకదాని దగ్గరికి ఒకటి లాగి పట్టుకుంటుంది. ఒక అల వచ్చి ఖాళీలన్నీ నింపగానే ఆ గూడు ఆకారం లేకుండా పోతుంది. కొండవాలులోనూ జరిగేది ఇదే. పొడిగా ఉన్నప్పుడు 35 డిగ్రీల వాలు మీద నిలవగలిగిన ఇసుకమట్టి, పూర్తిగా నాని, నీరు లోలోపల వాలు వెంబడి పారుతున్నప్పుడు ఇంచుమించు 19 డిగ్రీల దగ్గరే జారడం మొదలుపెడుతుంది. మట్టి అదే, కొండ అదే. మధ్యలో వచ్చి చేరింది నీరొక్కటే.

నిలబెట్టే బలాన్ని కిందికి లాగే బలంతో భాగిస్తే వచ్చే అంకెను ఇంజనీర్లు భద్రతా గుణకం అంటారు. అది 1 కంటే తగ్గితే జారుడే. ముఖ్యమైన రోడ్ల వెంట ఉండే వాలులకు అది 1.5 వరకు ఉండేలా చూడటం పరిపాటి. నిటారు కొండల్లో సహజమైన వాలులు చాలాచోట్ల 1కి కాస్త పైనే ఉండి రోజులు నెట్టుకొస్తుంటాయి. మనం రోడ్డు కోసం తవ్వినప్పుడు ఆ కాస్తనే తీసేస్తున్నాం.

ఐదు మీటర్లు, పది మీటర్లు

కొండను కోసి రోడ్డు వేసేటప్పుడు రెండు చోట్ల గాయం అవుతుంది. కొండవైపు, పైనున్న మట్టికి ఆనుడుగా ఉన్న పాదాన్ని నరికేస్తాం. లోయవైపు, తవ్విన మట్టిని అంచున పోసి రోడ్డుకు వెడల్పు తెచ్చుకుంటాం. అంటే కింది వాలు నెత్తిన కొత్త బరువు పెడతాం. అసలే అంతంతమాత్రంగా నిలిచి ఉన్న వాలుకు అది మూలిగే నక్క మీద తాటిపండు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూస్తే వెడల్పు సంగతి తేటపడుతుంది. కొండవాలు 45 డిగ్రీలు అనుకుందాం. కోత ముఖాన్ని ఒక మీటరు లోపలికి వెళ్లేసరికి రెండు మీటర్లు పైకి లేచేలా చెక్కుతున్నాం. రోడ్డు మొత్తాన్నీ కోసిన గట్టి నేల మీదే వేస్తున్నాం, అంచున మట్టి పోయడం లేదు. ఐదు మీటర్ల వెడల్పు కావాలంటే కోత 10 మీటర్ల ఎత్తుకు పోతుంది. ప్రతి మీటరు పొడవుకూ 25 ఘనపు మీటర్లు తవ్వాలి. అదే రోడ్డును పది మీటర్లకు వెడల్పు చేస్తే కోత ఎత్తు 20 మీటర్లు, తవ్వకం 100 ఘనపు మీటర్లు. వెడల్పు రెండింతలు, తవ్వకం నాలుగింతలు. ఒక కిలోమీటరుకు లక్ష ఘనపు మీటర్ల రాయీ మట్టీ. దాన్ని మోసుకెళ్లి పోయడానికి స్థలం కావాలి. స్థలం దొరకనప్పుడు, లేదా మోసే ఖర్చు మిగుల్చుకోవాలనుకున్నప్పుడు అది లోయలోకి దొర్లుతుంది. కింద ఉన్న చెట్లు పోతాయి, వాగు పూడుతుంది, వాగు దారి మళ్లి ఒడ్డును కోస్తుంది, ఒడ్డు మీది వాలు జారుతుంది. రోడ్డు వల్ల జారిన చరియ రోడ్డుకు కిలోమీటరు కింద కనిపించడం అందుకే.

ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ రహదారి మీద ఏళ్ల తరబడి నడిచిన వాదమంతా ఈ లెక్క చుట్టూ తిరిగిందే. కొండల్లో తారు వెడల్పు 5.5 మీటర్లు చాలని కేంద్ర రహదారుల శాఖే 2018లో చెప్పింది. 2020లో ఆ నిబంధనను మార్చారు. సరిహద్దు అవసరాలను పరిగణనలోకి తీసుకుని 2021 డిసెంబరు 14న సుప్రీంకోర్టు రెండు వరసల వెడల్పుకు అనుమతించింది. రక్షణ అవసరం కాదనలేనిది. కానీ అవసరం ఎంత న్యాయమైనదైనా 45 డిగ్రీల వాలు మీద వెడల్పు రెండింతలైతే తవ్వకం నాలుగింతలు అవుతుందన్న లెక్క మారదు. అందుకే వెడల్పును దారంతటికీ ఒకే కొలతగా కాకుండా, నేల ఒప్పుకున్న చోట ఎక్కువగా, ఒప్పుకోని చోట తక్కువగా, ఎదురెదురు వాహనాలు తప్పుకోవడానికి అక్కడక్కడా విశాలంగా పెట్టుకోవడమే కొండకు తగిన పద్ధతని నేను నమ్ముతాను.

లోయవైపు మట్టి పోసి కట్టిన భాగం గురించి ఇంకొక మాట. వదులుగా పోసిన మట్టి చూడటానికి ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. హాంగ్‌కాంగ్‌లో 1972 జూన్ 18న సౌ మౌ పింగ్ అనే చోట రోడ్డుకట్ట ఒకటి కుండపోత వానకు నాని, ద్రవంలా కిందికి పారి 71 మందిని పొట్టన పెట్టుకుంది. అది సరిగా దిమ్మిస చేయకుండా పోసిన మట్టి. 2024 మే 1న చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, వరస వానల తర్వాత కొండ అంచున వేసిన ఎక్స్‌ప్రెస్ రహదారిలో 18 మీటర్ల ముక్క ఒక్కసారిగా కుంగింది. చీకట్లో వస్తున్న కార్లు ఒకదాని వెనక ఒకటి అందులో పడ్డాయి. 50 మందికి పైగా చనిపోయారు. మరో ఐదు వారాలకు అమెరికాలోని వయోమింగ్‌లో టీటన్ కనుమ రోడ్డులో ఎత్తైన మట్టికట్ట ఒకటి అలాగే జారిపోయింది. పగుళ్లు ముందే కనిపించడంతో రోడ్డును మూసి ఉంచారు, అందువల్ల ప్రాణనష్టం లేదు.

రాయి వాలు ఎటు?

మట్టి కొండలకే ఈ బాధ, రాతికొండైతే ఫరవాలేదని అనిపించవచ్చు. రాయి ఎంత గట్టిదన్నది ఇక్కడ రెండో ప్రశ్న. దాని పొరలు ఎటు వాలి ఉన్నాయన్నది మొదటి ప్రశ్న. పుస్తకాల దొంతరను ఏటవాలుగా పెట్టి, కింది అంచున చెయ్యి అడ్డం పెట్టామనుకోండి. పొరలు కొండ లోపలికి వాలి ఉంటే చెయ్యి తీసినా ఏమీ కాదు. రోడ్డు వైపుకు వాలి ఉంటే, చెయ్యి తీసిన క్షణాన పైపుస్తకాలు జారతాయి. రోడ్డు కోత అంటే ఆ చెయ్యి తీయడమే. ఒకే లోయకు రెండు వైపులా ఒకే రాయి ఉన్నా, ఒక గట్టు మీద రోడ్డు వందేళ్లు నిలిచి, రెండో గట్టు మీద ఏటేటా కూలడానికి కారణం చాలాసార్లు ఇదే.

తైవాన్‌లో మూడో నంబరు జాతీయ ఎక్స్‌ప్రెస్ రహదారి మీద 2010 ఏప్రిల్ 25న జరిగిన ప్రమాదం దీనికి బాధాకరమైన ఉదాహరణ. ఆ రోజు వాన లేదు. మధ్యాహ్నం పూట ఒక గుట్ట పలకలా జారి వచ్చి రోడ్డు రెండు దారులనూ కప్పేసింది. నలుగురు చనిపోయారు. అక్కడి ఇసుకరాయి, మెత్తరాయి పొరలు రోడ్డు వైపుకే వాలి ఉన్నాయి. రోడ్డు వేసినప్పుడు పాదం కోసి, పొరలను ఉక్కు తీగల లంగర్లతో కుట్టి నిలబెట్టారు. ఏళ్లు గడిచేసరికి ఆ లంగర్లు లోపల తుప్పు పట్టాయి. బయటినుంచి చూస్తే వాలు చక్కగా, పచ్చగా ఉంది. లంగరు పనికిరాదని దీని అర్థం కాదు. లంగరు వేసిన రోజున పని ముగిసినట్టు కాదని, అక్కడినుంచి దాన్ని కొలుస్తూ ఉండే బాధ్యత మొదలవుతుందని దీని అర్థం.

తప్పుకోగలిగితే తప్పుకోవడమే

అన్నిటికంటే చవకైన రక్షణ రోడ్డు గీత గీసేటప్పుడే దొరుకుతుంది. కొండ తన పాత గాయాలను దాచుకోదు. మొదలు దగ్గర వంగి తర్వాత నిటారుగా పెరిగిన చెట్లు, అలలు అలలుగా ఎగుడుదిగుడైన నేల, వాలు మధ్యలో కారణం లేకుండా కనిపించే ఊటలు, పైన అర్ధచంద్రాకారపు గాటు, ఇవన్నీ అది ఎప్పుడో జారిందనీ ఇంకా కదులుతోందనీ చెప్పే గుర్తులు. ఒకసారి జారిన చోట లోపలి పొర నునుపెక్కి పట్టు పోగొట్టుకుని ఉంటుంది కాబట్టి రెండోసారి జారడానికి తక్కువ నీరు చాలు. హిమాచల్ ప్రదేశ్‌లోని కోట్‌రోపీ వద్ద 2017 ఆగస్టు 13 అర్ధరాత్రి రెండు బస్సులను కప్పేసి 46 మంది ప్రాణాలు తీసిన చరియ అంతకుముందూ జారిన చోటే.

ఇలాంటి చోటును పైనుంచో కిందనుంచో చుట్టి వెళ్లాలి. వీలు కాకపోతే వంతెన మీదుగా దాటాలి, లేదా లోపలినుంచి సొరంగం తొలవాలి. కాలిఫోర్నియా తీరంలో డెవిల్స్ స్లైడ్ అనే ముక్క 1937లో తెరిచినప్పటినుంచీ తరచూ జారుతూనే ఉంది. 1995లో నెలల తరబడి మూతపడింది. కొండ మీదుగా పెద్ద రోడ్డు వేయాలా, సొరంగం తవ్వాలా అన్నదాని మీద 1996లో అక్కడి ప్రజలు ఓటు వేసి సొరంగాన్ని ఎంచుకున్నారు. 2013లో దాదాపు 1.3 కిలోమీటర్ల జంట సొరంగాలు తెరుచుకున్నాయి. పాత రోడ్డు ఇప్పుడు నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మిగిలింది. అదే తీరరహదారిలో మరో చోట, మడ్ క్రీక్ దగ్గర, తప్పుకునే దారి లేకపోయింది. 2017 మే 20న కొండ దాదాపు 400 మీటర్ల రోడ్డును కప్పేస్తే, జారిన దిబ్బ మీదే కొత్త రోడ్డు వేయడానికి 14 నెలలు, 5.4 కోట్ల డాలర్లు పట్టాయి.

సొరంగం మాత్రం మంత్రదండం కాదు. కొండ పైచర్మాన్ని తప్పించుకుంటాం గానీ లోపల నలిగిన రాయి ఎదురైతే కష్టం మరో రూపంలో వస్తుంది. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కార్మికులు 17 రోజులు చిక్కుకుపోయారు. ఏ దారిలో వెళ్లినా ముందుగా రాతిని చదవాల్సిందే.

నీటిని సాగనంపడం

ఇక అసలు పని. రోడ్డు వేశాక నీటిని మూడు చోట్ల పట్టుకోవాలి.

మొదటిది కోతకు పైన. కొండ మీంచి పారివచ్చే నీరు కోత ముఖాన్ని చేరకముందే అడ్డంగా ఒక కాలువ తవ్వి పక్కనున్న వాగులోకి మళ్లిస్తారు. వినడానికి తేలిక. కానీ ఈ కాలువ కింద సిమెంటు గానీ రాతిపరుపు గానీ లేకపోయినా, పరిచిన సిమెంటు పగిలినా, అది నీటిని మళ్లించడం మాని సరిగ్గా జారబోయే వాలు నడినెత్తిన ఇంకిస్తుంది. లేని కాలువ కంటే పగిలిన కాలువ ప్రమాదం. రోడ్డు మీంచి చూస్తే ఇది కనిపించదు, పైకి ఎక్కి చూసేవాళ్లు ఉండరు. ఘాట్ రోడ్ల నిర్వహణలో ఎవరికీ పట్టని చోటు ఇదేనని నా ఫిర్యాదు.

రెండోది రోడ్డు పక్క కాలువ, దాన్ని రోడ్డు కిందుగా లోయవైపు దాటించే కల్వర్టు. కల్వర్టు పరిమాణాన్ని నీటి లెక్కతో నిర్ణయిస్తారు. కొండల్లో వాగు ఒక్క నీటినే మోసుకురాదు. బండలు, దుంగలు, బురద తెస్తుంది. మూతి మూసుకున్న కల్వర్టు దగ్గర నీరు ఎగదన్ని రోడ్డెక్కుతుంది. రోడ్డు అక్కడ పల్లానికి దిగుతుంటే ఆ వాగు రోడ్డు వెంబడే పరుగెత్తి, ఎన్నడూ నీటిధార ఎరగని వాలు మీద పడి దాన్ని నిలువునా చీలుస్తుంది. అందుకని తెలివైన రూపకర్త కల్వర్టు పెద్దది పెట్టడంతో ఆగడు. అది మూసుకుపోతే ఏమవుతుందని కూడా అడుగుతాడు. కల్వర్టు ఉన్నచోట రోడ్డును కాస్త పల్లంగా ఉంచితే, పొంగిన నీరు అక్కడే రోడ్డును అడ్డంగా దాటి తన వాగులోనే పడుతుంది. రోడ్డు కాసేపు ఆగుతుంది గానీ కొట్టుకుపోదు. కల్వర్టు బయటి మూతి దగ్గర కూడా నీటిని గాలిలోకి వదిలేయకుండా, రాళ్లు పరిచిన మెట్ల మీదుగా వాగు దాకా దింపాలి.

మూడోది కొండ లోపలి నీరు. దీనికి ఉపాయం, కోత ముఖంలోంచి లోపలికి కాస్త ఎగువాలుగా పదుల మీటర్ల లోతు సన్నని బోర్లు వేసి, చిల్లుల గొట్టాలు దూర్చడం. ఆవుకు పాలు పితికినట్టు కొండనుంచి నీరు చుక్క చుక్కగా దిగుతూ ఉంటుంది. లోపలి నీటి మట్టం రెండు మూడు మీటర్లు తగ్గినా వాలు భద్రత ఎంతో పెరుగుతుంది. ఒక పెద్ద గోడ ఖర్చులో చిన్న భాగంతో అయ్యే పని ఇది. అయినా గోడకు వచ్చే గౌరవం దీనికి రాదు.

గోడలు, మేకులు, వట్టివేళ్లు

నీటి సంగతి తేలాక గోడల వంతు. కొద్దిగా కుంగినా విరగని గోడలు కొండకు నప్పుతాయి. ఇనుప వలబుట్టల్లో రాళ్లు నింపి పేర్చే గేబియన్లు అలాంటివే. సందుల్లోంచి నీరు దానంతటదే పోతుంది, నేల కదిలితే అవీ వంగి సర్దుకుంటాయి. మట్టి పొరల మధ్య పట్టీలు పరిచి మట్టినే గోడగా మార్చే పద్ధతిని ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ విడాల్ 1960లలో తెచ్చాడు. నిటారు కోతలోకి ఉక్కు కడ్డీలను మేకుల్లా దించి, పైన కాంక్రీటు చిమ్మే పద్ధతిని 1972లో ఫ్రాన్స్‌లోనే, వెర్సాయ్ దగ్గర రైలుమార్గపు కోతలో వాడారు. రాళ్లు దొర్లిపడే చోట ఉక్కు వలలు, బురదా రాళ్లూ వరదలా దూకే బురదపోటు వచ్చే చోట రోడ్డు మీద గొడుగులాంటి కాంక్రీటు కప్పు పనికొస్తాయి.

మొక్కల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ప్రపంచమంతటా వాలుల రక్షణకు వాడుతున్న గడ్డి మన వట్టివేరు. దాని ఆంగ్ల నామం కూడా తమిళ పదంనుంచి వెళ్లిందే. వేళ్లు పక్కలకు పాకకుండా మూడు మీటర్ల లోతుకు నిలువుగా దిగుతాయి. వాలుకు అడ్డంగా వరసలుగా నాటితే పైన దుబ్బులు మట్టిని ఆపుతాయి, కింద వేళ్లు దాన్ని కుడతాయి. ఐతే వేరు ఎంత లోతుకు వెళ్తుందో రక్షణ అంత లోతుకే. పదిహేను మీటర్ల అడుగున జారుడుపొర ఉంటే గడ్డీ చెట్లూ దానితోపాటే, నిలబడినవి నిలబడినట్టే జారిపోతాయి. పచ్చదనం చూసి వాలు క్షేమమని తీర్మానించకూడదు.

వేశాక

1972 జూన్ 18న హాంగ్‌కాంగ్‌లో సౌ మౌ పింగ్‌తో పాటు పో షాన్ రోడ్డు మీదా చరియ పడి మరో 67 మంది చనిపోయారు. 1976లో సౌ మౌ పింగ్‌లోనే మళ్లీ 18 మంది పోయారు. ఆ మరుసటి ఏడు అక్కడి ప్రభుత్వం వాలుల కోసమే ఒక ఇంజనీరింగ్ కార్యాలయాన్ని పెట్టింది. మనుషులు కోసిన, పోసిన వాలులు అక్కడ దాదాపు 60,000. ప్రతిదానికీ ఒక నంబరుంది, నిర్వహణ ఎవరి బాధ్యతో నమోదై ఉంది. కాలువ పూడిక తీయడం, గొట్టాల నోళ్లు శుభ్రం చేయడం, పగుళ్లు పూడ్చడం ఆ బాధ్యతలో భాగం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా రానివ్వని ఏర్పాటు అది. మన ఘాట్ రోడ్లలో కోతకొక నంబరు, నంబరుకొక మనిషి ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

అన్నీ చేసినా కొన్ని వానలకు కొన్ని వాలులు ఆగవు. జపాన్‌లో 1968 ఆగస్టు 18 తెల్లవారుజామున, హిడా నది పక్కన 41వ నంబరు జాతీయ రహదారి మీద ఆగిపోయిన విహారయాత్ర బస్సుల్లో రెండింటిని బురదపోటు నదిలోకి నెట్టేసింది. 104 మంది చనిపోయారు. రోడ్డు మీద వాహనాలను ఆపే నియమం అప్పటివరకూ చరియ పడ్డాక అమలయ్యేది. ఆ తర్వాత దాన్ని తిరగరాశారు. ప్రమాదం ఉన్న ప్రతి ముక్కకూ ఒక వాన కొలత నిర్ణయించారు. కురిసిన మొత్తం ఆ అంకె దాటితే ఒక్క రాయి పడకపోయినా గేటు వేసేస్తారు. వాన ఆగగానే తెరవరు కూడా. పైన ఆకాశం తేటపడినా వాలు లోపలి నీరు దిగడానికి ఇంకా సమయం పడుతుంది కాబట్టి, సిబ్బంది ఆ ముక్కంతా తిరిగి, కోతలనూ కాలువలనూ చూసి వచ్చాకే వాహనాలను వదులుతారు.